మూలనున్న పేరును చెరుపకుడు

తల్లిదండ్రులకు ఒక పాఠము

పిల్లలకు మేము తరగతిలో చెప్పునది ఒకటి. ఇంటిలో పెద్దలు చేయు పనిని చూచి వారు నేర్చుకొనునది మరియొకటి. ఈ రెంటిలో రెండవదే బలమైనది. అందుచేత ఈ యేటి సంచికలో తల్లిదండ్రులతో ముచ్చటింపదలచి, మీ చేతిలోని ఫోనునకు సంబంధించిన విషయము నొకదానిని ఎన్నుకొంటిమి. ఒకరు తీసిన వీడియోపై నున్న పేరును, గుర్తును చెరిపి, దానిని మన పేరుతో మరల లోకమునకు పెట్టుట తగునా? తగనిచో తగిన పద్ధతి యేది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు పూర్వము మా తప్పు నొకదానిని మేము ఒప్పుకొనవలసి యున్నది.

మేము చేసిన పొరపాటు

కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాల వార్షికోత్సవమునకు మన బంగారు గనులను గూర్చి ఒక చిన్న చిత్రమును సిద్ధము చేసితిమి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత పుట్టిన పిల్లలకు గని జీవితము ఒక కథవంటిది. ఛాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతున మనుష్యులు పనిచేసిరనిన వారు నమ్మరు. కావున షాఫ్టు చక్రము, కార్మికుల పాత యిండ్లు, సైనైడు దిబ్బలు గల ఒక వీడియోను ఇన్‌స్టాగ్రాము నుండి దింపుకొని మా చిత్రములో చేర్చితిమి. దాని క్రింది మూలను చిన్న అక్షరములతో ఒక పేరుండెను. చూచుటకు బాగుండదని తలచి ఆ మూలను కత్తిరించితిమి. దాని చోట మా పాఠశాల చిహ్నమును అంటించితిమి. ఉత్సవమునాడు అందరును చప్పట్లు కొట్టిరి. మరునాడు ఆ చిత్రమును యూట్యూబునందును పెట్టితిమి.

పది దినముల తరువాత ఒక యువకుడు మా కార్యాలయమునకు వచ్చెను. కోపముతో రాలేదు. తన తండ్రి గనిలో పనిచేసినవాడనియు, ఆయన చూపిన చోట్లకు ఆదివారములందు తిరిగి ఆ దృశ్యములను తాను తీసితిననియు, మూలనున్న పేరు తనది కాక తండ్రిదనియు చెప్పెను. “సార్, మీరు ఒక్కమాట అడిగియుండిన సంతోషముగా ఇచ్చియుందును. మా నాయన పేరు ఉంచియుండిన అదియే చాలును” అనెను. మాకు మాట రాలేదు. ప్రక్కవాని నోటుపుస్తకము చూచి వ్రాసిన పిల్లవానిని మందలించు మేము, ఒక గని కార్మికుని పేరును చేతులార తీసివేసితిమి. ఆ దినముననే ఆ చిత్రమును తొలగించి, ఆయన అనుమతి పొంది, పేరును మొదటనే చూపుచు మరల పెట్టితిమి. ఈ వ్యాసము ఆనాటి సిగ్గు నుండి పుట్టినది.

గుర్తు అనగా నేమి?

వాటర్‌మార్కు అను మాట కాగితపు పరిశ్రమ నుండి వచ్చినది. పదమూడవ శతాబ్దమున ఇటలీ దేశములోని ఫాబ్రియానో పట్టణమున కాగితము చేయువారు, తడి కాగితములో తమ గుర్తు నిలుచునట్లు జల్లెడపై తీగతో బొమ్మను అల్లుచుండిరి. వెలుతురునకు ఎదురుగా పట్టినచో ఆ గుర్తు కనబడెడిది. మన రూపాయి నోటులోని గాంధీ మహాత్ముని నీడబొమ్మ అట్టిదే. ఆ బొమ్మ లేని నోటును అంగడివాడు తీసికొనడు.

బంగారు గనుల వారమైన మనకు మరియొక ఉదాహరణము చాలును. నగ కొనునపుడు మనము మొదట హాల్‌మార్కు కొరకు చూతుము. 916 అని యున్నచో 22 క్యారట్లని తెలియును. 2023 ఏప్రిల్ 1 నుండి నగపై ఆరు అక్షరాంకెల ప్రత్యేక సంఖ్యయు ఉండవలెనని నియమమేర్పడినది. ఆ గుర్తును అరగదీసి నగను అమ్మజూచు వానిని మనము నమ్ముదుమా? వీడియోపై నున్న పేరును అట్లే యెంచవలెను. ఇది ఎవరి చేతి పని, ఎక్కడ నుండి వచ్చినది, నమ్మదగినదా అను మూడు ప్రశ్నలకు ఆ చిన్న పేరే సమాధానము.

మన పెద్దల ముద్రలు

కర్త తన పేరును కృతిలో నిలుపుట మనకు క్రొత్త కాదు. క్షేత్రయ్య పదములలో మువ్వగోపాల ముద్ర, పురందరదాసుల కీర్తనలలో పురందర విఠల ముద్ర కలవు. ముళబాగిలు ప్రక్కన బృందావనము గల శ్రీపాదరాజులవారి ముద్ర రంగవిఠల. కైవార తాతయ్య గారు తెలుగునను కన్నడమునను పాడిన తత్త్వములలో అమరనారేయణ ముద్ర కలదు. 2007లో చిక్కబళ్లాపురము జిల్లా యేర్పడువరకు కైవారము మన కోలారు జిల్లాలోనిదే. గాజులమ్ముకొని జీవించిన ఆయన మాట నేటికిని ఆయన పేరుతోనే నిలిచియుండుటకు ఆ ముద్ర ఒక కారణము. పాడువారు ఎందరు మారినను ముద్రను విడిచి పాడుట మర్యాద కాదని మన గాయకులెరుగుదురు.

ఇతరుల కృతిని గౌరవముతో పదిమందికి అందించుట ఎట్లో తెలిసికొనుటకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొరను స్మరింపవచ్చును. ఆయన వ్రాతప్రతులు సేకరించి, శ్రమపడి పరిష్కరించి, 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో మద్రాసున అచ్చొత్తించెను. సేకరణ ఆయనది, అనువాదము ఆయనది. పద్యములు మాత్రము వేమనవి. ఆ భేదమును ఆయన దాచలేదు. పంచిపెట్టినవానికి పంచిపెట్టిన కీర్తి దక్కినది. చెప్పినవానికి చెప్పిన కీర్తి దక్కినది. నేడు ఫోనులో వీడియోను పంపు ప్రతివాడును ఈ హద్దును గుర్తుంచుకొనవలెను.

ఎట్లు చెరుపుచున్నారు? ఏల చెరుపుచున్నారు?

చెరుపు మార్గములు నాలుగు. అంచును కత్తిరించుట ఒకటి. గుర్తుపై మసక వేయుట లేక వేరొక బొమ్మ నంటించుట రెండవది. ప్రక్కనున్న రంగులను బట్టి ఆ చోట ఏముండెనో ఊహించి యంత్రముచే పూరింపజేయుట మూడవది. గుర్తు పడక ముందరి ప్రతిని వేరు యాపుల ద్వారా దింపుకొనుట నాలుగవది. ఉచితమని చెప్పు ఇట్టి యాపులు కొన్ని మన ఫోటోలను, ఫోను నెంబర్ల పట్టికను చూచుటకు అనుమతి కోరును. వీడియోపై గుర్తు పోవుటకు అవి యేల? పిల్లలు తెలియక “సరే” అని నొక్కుదురు.

కారణములన్నియు దుర్బుద్ధితో కూడినవి కావు. 2020 జూన్ 29న మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినపుడు, అనేకులు తమ పాత వీడియోలను వేరు చోట్లకు మార్చుకొనవలసి వచ్చినది. ఇతర యాపుల గుర్తులు కనబడు రీళ్లను తక్కువమందికి సూచింతుమని ఇన్‌స్టాగ్రాము 2021లో ప్రకటించినది. అందుచే తన వీడియోపై పడిన యాపు గుర్తును తానే తీసివేసికొనుటలో దోషము లేదు. గుర్తు పడని అసలు ప్రతిని ఫోనులో దాచుకొనుట అంతకంటె మేలు. దోషమెక్కడననగా, ఇతరుల పేరును చెరుపుటలో. యాపు గుర్తు వేరు, మనుష్యుని పేరు వేరు. ఈ రెంటిని కలిపి ఒక్కటిగా చూచుటవలననే మేము తప్పుచేసితిమి.

చట్టము ఏమనుచున్నది?

మన కాపీరైటు చట్టము 1957 నాటిది. దాని 57వ సెక్షను ప్రకారము, కర్త తన హక్కులను ఇతరులకు అమ్మివేసిన తరువాత కూడ “ఇది నా రచన” అని చెప్పుకొను హక్కు ఆయనకు ఉండును. 2012 సవరణచే 65బి సెక్షను చేరినది. కృతిపేరు, కర్తపేరు, హక్కుదారు పేరు మొదలగు సమాచారమును అధికారము లేక తెలిసియుండి తొలగించుట గాని, అట్లు తొలగింపబడినదని తెలిసియు ఆ ప్రతిని అనుమతి లేక పదిమందికి పంచుట గాని నేరము. రెండేండ్ల వరకు కారాగారవాసమును, జరిమానాయును విధింపవచ్చును. చెరిపినవాడే కాదు, చెరిపిరని యెరిగి పంచినవాడును దోషియగునని తల్లిదండ్రులు గమనింపవలెను.

పాఠశాలలకు చట్టము కొంత వెసులుబాటు నిచ్చినది. విద్యాసంస్థ కార్యక్రమములలో ఉపాధ్యాయులును విద్యార్థులును ఒక పాటను గాని నాటకమును గాని ప్రదర్శించినపుడు, ప్రేక్షకులు ఆ సంస్థవారు, తల్లిదండ్రులు, సంరక్షకులు మొదలగు సంబంధితులే యైనచో, 52వ సెక్షను దానిని ఉల్లంఘనముగా నెంచదు. కాని ఆ ప్రదర్శనమును చిత్రించి లోకమంతయు చూచునట్లు పెట్టినపుడు, ఈ నాలుగు గోడల వెసులుబాటును నమ్ముకొనరాదు.

మన ఊరి పేరు గల చలనచిత్రమునకు సంబంధించిన వ్యవహారమును ఇచట చెప్పవచ్చును. కె.జి.ఎఫ్. రెండవ భాగము 2022 ఏప్రిల్ 14న విడుదలయ్యెను. ఆ చిత్రపు పాటలను అనుమతి లేక భారత్ జోడో యాత్ర వీడియోలకు జోడించి ట్విట్టరులో పెట్టిరని, హక్కులు గల బెంగుళూరు సంస్థ ఎం.ఆర్.టి. మ్యూజిక్ భారత జాతీయ కాంగ్రెసుపై దావా వేసినది. 2022 నవంబరు 7న బెంగుళూరు న్యాయస్థానము ఆ ఖాతాలను తాత్కాలికముగా నిలిపివేయుమని ఆజ్ఞాపించెను. మరునాడు కర్ణాటక హైకోర్టు, ఆ వీడియోలను తొలగింపవలెనను షరతుపై ఆ ఆజ్ఞను రద్దుచేసెను. మాకు పక్షములతో పనిలేదు. చిన్న వీడియో యొకటి ఎంత పెద్దవారినైనను న్యాయస్థానము మెట్లెక్కింపగలదని చూపుటకే దీనిని ఉదాహరించితిమి.

గుర్తు చెరిపినచో ఎవరును కనిపెట్టరను భ్రమయు వలదు. యూట్యూబు 2007 నుండి కంటెంట్ ఐడి అను ఏర్పాటుచే, హక్కుదారులు ముందుగా అప్పగించిన దృశ్యములను, ధ్వనులను క్రొత్త వీడియోలతో పోల్చి చూచుచున్నది. మూలనున్న అక్షరములు పోయినను, తక్కిన చిత్రమంతయు సాక్ష్యము చెప్పును.

తగిన పద్ధతి

1. మొదట అడుగుడు. “మీ వీడియోను ఫలానా పనికి వాడుకొనవచ్చునా?” అని రెండు వాక్యములు వ్రాసిన చాలును. జవాబు రాకుండుట అంగీకారము కాదు.

2. దింపుకొని మరల పెట్టుటకంటె, ఆ యాపులోనే యున్న షేరు మీటను నొక్కుట గాని, లింకు పంపుట గాని మేలు. చూచువాడు తీసినవాని యింటికే పోవును.

3. అనుమతి దొరికినపుడు గుర్తును కత్తిరింపకుడు, మసకపరుపకుడు. క్రింద వ్రాయు మాటలలో కర్త పేరును మొదటి పంక్తిలోనే ఉంచుడు.

4. పేరు వ్రాసినంతమాత్రమున అనుమతి దొరికినట్లు కాదు. పేరు చెప్పుట మర్యాద, అనుమతి హక్కు. రెండును కావలెను.

5. క్రియేటివ్ కామన్స్ అను అనుమతితో కొందరు తమ వీడియోలను ముందుగానే లోకమునకు ఇచ్చియుందురు. వానిని వాడుకొనవచ్చును, కాని వారి షరతులను చదువుడు. పేరు చెప్పవలెనను షరతు సాధారణముగా ఉండును.

6. ఇతరుల పిల్లలు కనబడు వీడియోను వారి తల్లిదండ్రుల నడుగక పంపకుడు. మా పాఠశాల ఉత్సవముల విషయమునను ఇదియే మా మనవి.

7. తీసివేయుమని కర్త కోరినచో వాదింపక తీసివేయుడు, క్షమాపణము చెప్పుడు. మా అనుభవములో దానివలన గౌరవము తగ్గలేదు.

ఇంటిలో చేయదగిన అభ్యాసము

ఒక సాయంకాలము పిల్లలతో కూర్చుండి, వాట్సాపులో మీకు వచ్చిన మూడు వీడియోలను చూడుడు. ఒక్కొక్కదానిని చూచి ఈ ప్రశ్నలడుగుడు: దీనిని తీసినదెవరు? పేరెక్కడ నున్నది? మూలను మసక గాని, కోసిన అంచు గాని కలదా? పేరు లేనిచో దీనిని మనము ఏల నమ్మవలెను? ఇంకొకరికి ఏల పంపవలెను? తరువాత, పిల్లవాడు గీసిన బొమ్మ నొకదానిని తీసికొని, దానిపై పేరును కొట్టివేసి వేరు పేరు వ్రాసిన ఎట్లుండునని అడుగుడు. చట్టములోని సెక్షనులు వానికి తెలియనక్కరలేదు. వాని ముఖమే సమాధానము చెప్పును.

భాషాల్పసంఖ్యాకులమైన మనము పేరు విలువ నెరిగినవారము. బడి పట్టికలో మన భాషపేరు నిలుపుకొనుటకు ఎన్ని అర్జీలు వ్రాయవలసి వచ్చునో ఈ సంఘపు పెద్దలకు తెలియును. మన తాతలు తవ్విన బంగారముపై వారి పేరులు లేవు. అది ఎవరి మెడలో నున్నదో మనకు తెలియదు. వారి మనుమలు నేడు ఫోను పట్టుకొని తీయుచున్న దృశ్యములపై నైనను వారి పేరులుండనిండు. దానికి మనము చేయవలసినది చాల చిన్న పని. చెరుపు మీట దగ్గర వ్రేలు ఆపి, ఒక్కమాట అడుగుటయే.