మతిమఱపును అల్జీమర్సు వ్యాధియును

ముసలితనమున మఱపు సహజమని మన యేన్కూరు ప్రాంతమున నందఱును తలంతురు. కండ్లద్దములు పెట్టిన చోటు మఱచి, కొంత సేపటికి జ్ఞప్తికి తెచ్చుకొన్నచో చింత లేదు. కాని యన్నము తిని చేయి కడుగుకొన్న వెంటనే ‘నాకెవ్వరును అన్నము పెట్టలేదు’ అని అవ్వ యేడ్చినచో, ఇరుగుపొరుగువారు కోడలిని నిందింతురు. ఏబది యేండ్లు నడచిన చేని త్రోవయే తాతకు తెలియకపోయినచో, గాలి సోకినదని తాయెత్తు కట్టుదురు. తప్పు కోడలిది గాదు, గాలియు సోకలేదు. చెడినది మెదడు.

ఇట్లు జ్ఞాపకము, ఆలోచన, మాట క్రమముగా క్షీణించి, దినచర్యయే సాగని స్థితికి వైద్యులు డిమెన్షియా యని పేరిడిరి. అల్జీమర్సు వ్యాధియు నదియే యని పలువురు భ్రమపడుదురు. ఈ యడవి యంచున మలేరియా నెఱుగనివారు లేరు గనుక దానితో పోల్చి చూతము. మలేరియా సోకినవానికి జ్వరము వచ్చును; కాని జ్వరమెల్ల మలేరియా కాదు, టైఫాయిడును కావచ్చును. అట్లే డిమెన్షియా జ్వరము వంటి స్థితి. అల్జీమర్సు దాని కారణములలో నొకటి, అన్నిటికంటె తఱచుగా కనబడునది.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఆలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు, ఔగుస్టె డేటర్ అను 51 ఏండ్ల రోగిని పరీక్షించెను. ఆమె తన పేరైనను సరిగా వ్రాయలేకపోయెను. 1906లో ఆమె మరణించిన పిమ్మట, ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, కణముల నడుమ ముద్దలను, కణములలో చిక్కుపడిన దారములను ఆయన కనుగొనెను. 1910లో క్రేపెలిన్ అను ఆచార్యుడు ఆ వ్యాధికి అల్జీమర్ పేరే పెట్టెను.

మన హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి గారును, వారి సహచరులును 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో ఫలితములను ప్రకటించిరి. వారిలో అల్జీమర్సు రోగులు 240 మంది. మెదడు రక్తనాళములు చెడుటచే ఆ స్థితికి వచ్చినవారు 189 మంది. తక్కినవారికి వేఱు కారణములు. మఱియొక విశేషమును తేలినది. రెండు భాషలు మాటలాడువారిలో వ్యాధి లక్షణములు సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడినవి. చదువు రానివారిలోను ఈ భేదము గలదు. రెండవ భాష వ్యాధిని రానీయదని దీని యర్థము గాదు. అయినను ఇంట కోయయో లంబాడీయో, బడిలో తెలుగో మాటలాడు మన విద్యార్థులు ఇంటి భాషకు సిగ్గుపడ నక్కఱలేదు.

కారణము వెదకుటవలన లాభమేమి? థైరాయిడు లోపము, బి-12 విటమిను లోపము, తలకు దెబ్బ తగిలి లోపల రక్తము గడ్డకట్టుట, వీనివలన కలిగిన మఱపు చికిత్సచే తగ్గవచ్చును. రక్తపోటును, మధుమేహమును అదుపులో నుంచినచో రక్తనాళములకు ముప్పు తగ్గును. అల్జీమర్సును పూర్తిగా నయముచేయు మందు లేదు. లక్షణములను కొంతకాలము తగ్గించు మందులు గలవు. కావున పరీక్ష చేయింపక ‘చాదస్తము’ అని పెద్దలను మూల కూర్చుండబెట్టరాదు. ఖమ్మము పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెనని తల్లిదండ్రులను మేము కోరుచున్నాము.

విద్యార్థులారా! అవ్వ ఒకే ప్రశ్న పదిమార్లు అడిగినను, పదియవమారును మొదటిమారువలెనే బదులు చెప్పుడు. ఊరి పేరును, ఫోను నెంబరును వ్రాసిన చీటిని ఆమె కొంగున ముడివేయుడు. పొద్దువేళ ఒంటరిగా అడవి త్రోవ పట్టనీయకుడు. కోడలిని నిందించు పొరుగువారికి మీరు చదివిన యీ సంగతిని తెలియజెప్పుడు.