ఒక్క తలాంతు స్వల్పమా?

పఠనభాగము: మత్తయి 25:14–30



"నాకున్నది కొంచెమే, నేనేమి ఇయ్యగలను?" అని మనలో అనేకులు తలంచుదురు. ఒక్క తలాంతు పొందిన దాసుడు భయపడి దానిని భూమిలో దాచెను. అది కొంచెమా? ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు. దేనారము కూలివాని దినవేతనము. అనగా ఇంచుమించు 20 ఏండ్ల కష్టార్జితము! దేవుడు ఎవనికిని కొంచెము అప్పగింపలేదు.

1860 మొదలు మన పితరులు అయిదేండ్ల గిర్మిట్ ఒప్పందముపై నేటాలు చెరకు తోటలకు వచ్చిరి. మొదటి యేట జీతము నెలకు 10 షిల్లింగులు. వారి దినములు యజమానుని వశమై యుండెను. 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు నుండి వచ్చి కియర్స్‌నీలో తెలుగు బాప్తిస్టు సంఘమును స్థాపించిరి. ఆయనను పంపినది ఆంధ్రదేశమందలి తెలుగు బాప్తిస్టుల హోం మిషనరీ సంఘమే. తెలుగువారి ప్రేమ సముద్రము దాటి తెలుగువారిని చేరెను.

నేడు మన దినములు మన చేతిలో నున్నవి. వాటిని ఎట్లు వెచ్చించుచున్నాము?

ధనము: కానుకను ముందుగా ప్రత్యేకించుచున్నామా, మిగిలినదే ఇచ్చుచున్నామా?

కాలము: రోగిని దర్శించుటకు, పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుటకు వారములో ఒక్క గంట కలదా?

ఆశీర్వాదములు: మనము పొందిన విద్య, ఆరోగ్యము ఇంకెవరికైన ఉపయోగపడెనా?

అయిదు తలాంతుల వాడును రెండు తలాంతుల వాడును ఒకే మెప్పు పొందిరి. కాబట్టి నిత్యత్వపు లెక్కలో ప్రభువు చూచునది మొత్తమును గాదు, నమ్మకత్వమును. పాతిపెట్టినదానిని నేడే త్రవ్వి తీయుదము.