తీరని ఋణము

వాల్మీకి మహర్షి నారదుని అడిగిన ప్రశ్నతో రామాయణము ప్రారంభమగుచున్నది. ఈ లోకమున ఇప్పుడు గుణవంతుడెవడు, వీర్యవంతుడెవడు అని మొదలుపెట్టి ఆయన పదునారు గుణములను వరుసగా పేర్కొనెను. ధర్మజ్ఞుడెవడని అడిగిన వెంటనే కృతజ్ఞుడెవడని అడిగెను. సత్యవాక్యము, దృఢవ్రతము, క్రోధమును జయించుట, ఇవన్నియు ఆ పిమ్మట వచ్చినవే. మనము సభలలో వందనసమర్పణ వేళ మర్యాదకై వాడి మరచిపోవు ఈ మాటకు మహర్షి ఇంత పెద్దపీట వేయుటకు కారణమేమి?

పదమును కొంచెము పరిశీలింతము. కృతజ్ఞుడనగా చేయబడినదానిని ఎరిగినవాడు. ఎరుగుటయే ఇందు ప్రధానము. తిరిగి చెల్లించుట అను అర్థము ఈ పదమున లేదు. నోటితో చెప్పుట అను అర్థమును లేదు. తనకు జరిగిన మేలును మేలుగా గుర్తించి, ఆ గుర్తింపును చెదరనీయక నిలుపుకొనుట మాత్రమే కలదు. మనుష్యుని సుఖమునకు ఈ ఎరుకతో దగ్గర సంబంధము కలదని రామాయణమును శ్రద్ధతో చదువువారికి క్రమముగా బోధపడును.

ముందుగా ఎరుక తప్పినవాని స్థితిని చూతము. సుగ్రీవుడు రాజ్యమును, భార్యను కోల్పోయి ఋష్యమూకమున ప్రాణభయముతో తలదాచుకొనియుండెను. రాముని వలన ఆ రెండును తిరిగి లభించినవి. వర్షాకాలము గడచినది, శరత్తు వచ్చినది. సుగ్రీవుడు అంతఃపురము వీడలేదు. సేనలను రప్పింపుమని హనుమంతుడు హెచ్చరించిన మీదట ఆజ్ఞ ఇచ్చెనే గాని మరల భోగములలోనే మునిగెను. అప్పుడు లక్ష్మణుడు కిష్కింధలో ప్రవేశించి, ఘోరపాతకములకు సైతము పెద్దలు ప్రాయశ్చిత్తము విధించినారు గాని కృతఘ్నునికి నిష్కృతి లేదని చెప్పెను. ఇచ్చట గమనింపదగినది ఆ రాజు అవస్థ. కావలసినవన్నియు చేతిలో ఉన్నవి. అయినను ఒక్క ధనుష్టంకారము వినబడినంతనే ఆసనమునుండి అదరిపడి లేచెను. మేలును మరచినవాని సుఖము అట్టిది. అది వాకిట అడుగుల చప్పుడునకు బెదరును.

ఇంతవరకు అందరును అంగీకరింతురు. దీనికి ఎదురుగా ఇంకొక దోషము కలదు. అది సద్గుణము వలె కనబడును గనుక దానిని పట్టుకొనుట కష్టము. నా అనుభవమే చెప్పెదను. నేను ఒక పట్టణమున చదువుకొనుచుండగా రెండు నెలలు భోజనపు రుసుము చెల్లింపలేకపోతిని. అచ్చట వంటచేయు ఒక వృద్ధుడు ఎవరికిని చెప్పక, తన వంతు అన్నములో సగము నాకు పెట్టెను. తరువాత నేను ఉద్యోగమున చేరి, మొదటి జీతము రాగానే లెక్కకట్టి, పైన కొంత చేర్చి, ఒక కవరులో పెట్టుకొని ఆయనయొద్దకు పోయితిని. ఆయన కవరు ముట్టలేదు. “ఇది నేను పుచ్చుకుంటే మీరు మళ్లీ ఈ గుమ్మం తొక్కరు, బాబూ” అనెను. ఆనాడు నాకు చిన్నతనముగా తోచినది. కొంత కోపము కూడ వచ్చినది. నన్ను అచ్చటికి నడిపించినది ప్రేమ గాదు, భారము దించుకొని స్వేచ్ఛగా పోవలెనను తొందర. ఆయన నా మనస్సును సరిగా చదివెనని గ్రహించుటకు చాల సంవత్సరములు పట్టినది.

ఆ వృద్ధుని మాటకు వ్యాఖ్యానము ఉత్తరకాండము నలువదవ సర్గలో దొరకినది. పట్టాభిషేకము ముగిసి వానరులు సెలవు తీసికొనుచున్న సమయము. రాముడు సింహాసనమునుండి లేచి హనుమంతుని కౌగిలించుకొని చెప్పిన మాటల భావమిది: నీవు చేసిన ఉపకారములలో ఒక్కొక్కదానికి నా ప్రాణములనే ఈయవచ్చును, మిగిలినవానికి నేను ఋణపడియే ఉందును, నీ ఉపకారము నాలోనే జీర్ణమైపోవు గాక, ఏలయన, ప్రత్యుపకారము పొందుటకు మనుష్యుడు ఆపదలో పడినప్పుడే పాత్రుడగును. అనగా, నీ ఋణము తీర్చుకొను అవకాశము కోరుట నీకు ఆపద రావలెనని కోరుటయే గదా! ఈ యుక్తిని నేను మరెచ్చటను ఇంత స్పష్టముగా చదువలేదు. చక్రవర్తియైనవాడు ఒక వానరునకు బాకీపడి ఉండుటకు సిద్ధపడుచున్నాడు. సిద్ధపడుట మాత్రమే గాదు, అది తీరరాదని కోరుచున్నాడు.

అట్లయిన ఋణము తీర్చుకొనుమని శాస్త్రము చెప్పుట లేదా? చెప్పుచున్నది. మనుష్యుడు పుట్టుచునే దేవతలకు, ఋషులకు, పితరులకు, తోడి మనుష్యులకు ఋణగ్రస్తుడగుచున్నాడని శతపథబ్రాహ్మణము. అయితే అది చెప్పిన తీర్చు విధానమును చూడుడు. ఋషుల ఋణమునకు అధ్యయనము. పితరుల ఋణమునకు సంతానము. మనుష్యుల ఋణమునకు ఇంటికి వచ్చినవారికి వసతియు, అన్నమును ఇచ్చుట. మన తాతకు మనము చెల్లించునది మన మనుమని చేతికి పోవుచున్నది. ఇచ్చినవానికే ఇచ్చి లెక్క మూసివేయుట ఈ పద్ధతిలో ఎచ్చటను కానరాదు. సీతకొరకు ప్రాణము విడిచిన జటాయువునకు రాముడు తిరిగి ఈయగలిగినదేమి? స్వయముగా చితి పేర్చి దహనము చేసి, తమ్మునితో గోదావరికి పోయి, తండ్రికి వలె జలము విడిచెను.

ఋణపడి ఉండుటకు సమ్మతించుటకు శ్రద్ధ కావలెను. నన్ను ఇంతవరకు మోసినవారు వేరొకరని, ఇకముందును మోయువారు ఉందురని నమ్మినవాడే అట్లు సమ్మతింపగలడు. సుందరకాండము పదుమూడవ సర్గ ఇందుకు ఉదాహరణము. ఆ కాండమును కార్యసిద్ధికై పారాయణ చేయువారు సీతాదర్శనఘట్టము కొరకు త్వరపడి ఈ సర్గను దాటిపోవుచుందురు. అది నాకు లోపముగా తోచును. లంకయంతయు వెదకియు సీత కానరాలేదు. హనుమంతుడు కూర్చుండి ఆలోచించెను. తాను వట్టిచేతులతో పోయినచో రాముడు బ్రదుకడు. రాముడు లేనిచో లక్ష్మణుడు, పిమ్మట భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు. ఇట్లు ఒక్కొక్కరి ముఖమే ఆయనకు తోచుచుండెను. తానును దేహమును విడుతుననుకొనెను. కాని మరణమున దోషములు అనేకములు, జీవించియున్నవాడు శుభములను చూచునని తనకు తానే చెప్పుకొనెను. వెదకని చోటు ఒక్కటి మిగిలినది, అశోకవనము.

అందు అడుగుపెట్టుటకు ముందు ఆయన నమస్కరించెను. రామునకు, లక్ష్మణునకు, సీతకు. రుద్రునకు, ఇంద్రునకు, యమునకు, వాయువునకు, సూర్యచంద్రులకు, మరుత్తులకు. ఆ వరుసలోనే సుగ్రీవునకు కూడ నమస్కరించెను. కొంతకాలము క్రిందట మాట మరచి అంతఃపురమున కూర్చున్న ఆ సుగ్రీవునకే! హనుమంతుడు ఆయన దోషములను ఎరుగనివాడు గాడు, మందలించినవాడే. అయినను అన్నముపెట్టి ఆశ్రయమిచ్చిన రాజును దేవతల ప్రక్కనుండి తొలగింపలేదు. నమస్కారము ముగించి, ముహూర్తకాలము ధ్యానించి, ప్రాకారముమీదికి దుమికెను.