ప్రశ్నలు - జవాబులు: పంపు స్టవ్వు, తోలు వాషరు

ప్రశ్న: హిమాలయ యాత్రకు తీసుకువెళ్ళిన కిరసనాయిలు పంపు స్టవ్వు వెలిగించిన ప్రతిసారీ ఎర్రటి మంట మూరెడు ఎత్తుకు లేచింది. స్టవ్వు చెడిపోయినట్టేనా? (విశాఖపట్నం)

జవాబు: చెడిపోలేదు, బర్నరు కాగకముందే పంపు కొట్టడం వల్ల ఇలా జరుగుతుంది. 1892లో స్వీడన్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ రూపొందించిన ప్రైమస్ మొదలుకొని ఈ జాతి స్టవ్వులన్నిటిలోనూ మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. ట్యాంకులోని గాలి ఒత్తిడి కిరసనాయిలును బర్నరులోకి నెడుతుంది. బర్నరు బాగా కాగి ఉంటే అది అక్కడే ఆవిరై, నిపిల్ అనే సూదిమొనంత రంధ్రం గుండా వేగంగా వెలువడి, చుట్టుపక్కల గాలిని కలుపుకొని నీలి మంటగా మండుతుంది. చల్లని బర్నరులోంచి మాత్రం నూనె నూనెగానే చిమ్మి, మసి కక్కుతూ ఎర్రగా ఎగుస్తుంది. అందువల్ల గాలి వదిలే స్క్రూను తెరిచి ఉంచి, బర్నరు కింది గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించి, ఆ మంట ఆరబోయే వేళకు స్క్రూ బిగించి, నెమ్మదిగా నాలుగైదు సార్లు మాత్రమే పంపు కొట్టాలి. చలి ప్రదేశంలో రెండోసారి స్పిరిట్ అవసరం కావచ్చు. అయితే మొదటి మంట పూర్తిగా ఆరి, గిన్నె చల్లబడిన తరువాతనే పోయాలి, లేకుంటే మంట సీసాలోకే పాకుతుంది. ఎర్ర మంట లేచినప్పుడు స్క్రూ వదులు చేస్తే ఒత్తిడి పోయి మంట తగ్గుతుంది. నీళ్ళు పోస్తే మండే నూనె నీటిపై తేలి మరింత దూరం పాకుతుంది.

ప్రశ్న: కిరసనాయిలు దొరకని చోట అదే స్టవ్వులో పెట్రోలు పోయవచ్చా? (కర్నూలు)

జవాబు: ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు, పెట్రోలుకై తయారైన స్టవ్వులు వేరు.

ప్రశ్న: ఎంత కొట్టినా పంపుకు బిగువు రావడం లేదు. కొత్త స్టవ్వు కొనక తప్పదా? (హనుమకొండ)

జవాబు: ఇటువంటి స్టవ్వులు పాత సామాన్లవాడి బండి ఎక్కడానికి కారణం చాలాసార్లు ఒక చిన్న తోలు ముక్క మాత్రమే కావడం విచారకరం. పంపు కడ్డీ చివర చిన్న గిన్నె ఆకారంలో ఉండే తోలు వాషరు గొట్టం గోడలను ఒరుసుకుంటూ గాలిని కిందికి నెట్టాలి. అది ఎండి ముడుచుకుపోతే గాలి దాని పక్కనుంచి వెనక్కి జారిపోతుంది. కడ్డీని ఊడదీసి, వాషరును కుట్టు మిషను నూనెలో నానబెట్టి, మెత్తబడిన అంచును వేళ్ళతో వెడల్పు చేసి బిగిస్తే చాలావరకు బిగువు తిరిగి వస్తుంది. కొట్టిన కడ్డీ తనంతట తాను పైకి లేస్తున్నా, పంపు గొట్టంలోకి కిరసనాయిలు వస్తున్నా లోపం వాషరుది కాదు, గొట్టం అడుగున గాలిని వెనక్కి రానివ్వని వాల్వుది.

తోలు వాషరును చిన్న విషయంగా చూసేవారు దక్షిణ ధ్రువ యాత్రల చరిత్రను గమనించాలి. 1912లో రాబర్ట్ స్కాట్ బృందం తిరుగు ప్రయాణంలో, దారి పొడవునా ముందే దాచిన డబ్బాల్లో కిరసనాయిలు తరిగిపోయి ఉండటం చూసింది. మూతల కింది తోలు వాషర్లు తీవ్రమైన చలికి బిగువు కోల్పోవడమే అందుకు ప్రధాన కారణమని చెబుతారు. అదే ధ్రువానికి వేరే బృందంతో వెళ్ళిన రోల్డ్ అముండ్‌సెన్ మాత్రం తన డబ్బాలకు ముందే టంకం వేయించాడు. తాగునీరు సైతం మంచు కరిగించుకుంటేనే దొరికే చోట నూనె తరగడమంటే నీరు తరగడమే. స్కాట్ బృందం ప్రాణాలు కోల్పోవడానికి ఆకలి, చలి, అలసటలతోపాటు ఈ ఇంధన కొరత కూడా తోడైంది.

ప్రశ్న: వాన పడుతుంటే గుడారంలోనే వండుకోవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: వండుకోరాదు. మూసిన గుడారంలో గాలి చాలక ఇంధనం సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి దాని తొలి లక్షణాలు కాగా, కొండల్లో వాటిని ఎత్తు పడకపోవడంగా పొరబడి, బాధితుడిని అదే గుడారంలో పడుకోబెట్టే ప్రమాదం ఉంది. గుడారం బయట, గాలికి చాటు చేసి వండుకోవాలి. ఆ చాటు ట్యాంకును చుట్టేసి వేడెక్కించేదిగా మాత్రం ఉండకూడదు.

ప్రశ్న: లేహ్‌లో గంట సేపు ఉడికించినా అన్నం పలుకుగానే ఉంది. మంట చాలలేదా? (నెల్లూరు)

జవాబు: మంట లోపం కాదు, సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో నీరు 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ఎంత పంపు కొట్టినా నూనె ఖర్చే తప్ప అన్నం ఉడకదు, ప్రెషర్ కుక్కర్ కావాలి.

ప్రశ్న: ఏడాదికి ఒకసారే వాడే స్టవ్వును ఎలా దాచాలి? (ఖమ్మం)

జవాబు: ట్యాంకు ఖాళీ చేసి, లోపల తడి లేకుండా ఆరబెట్టి, స్క్రూ వదులుగా ఉంచాలి. వాషరుకు నూనె పట్టించాలి; నిపిల్ పొడిచే పిన్నునూ మరొక తోలు వాషరునూ చిన్న సంచిలో వేసి స్టవ్వు కాలికే కట్టి ఉంచాలి.