దిగులు జబ్బుకు మందు వెంటనే ఎందుకు పనిచేయదు?

మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరుగారు డిప్రెషన్‌కు మాత్రలు రాశారా? పది రోజులు వాడి, "గుణం లేదు" అని ఆపేయకండి.

మన మెదడులోని నాడీకణాలు బతకడానికి, కొత్త సంబంధాలు ఏర్పరచుకోవడానికి తోడ్పడే ప్రోటీన్లను పెరుగుదల కారకాలు అంటారు. వీటిని కనుగొన్నందుకు రీటా లెవీ మాంటల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి లభించింది. వీటిలో బి.డి.ఎన్.ఎఫ్. అనేది డిప్రెషన్ రోగుల రక్తంలో సగటున తక్కువగా ఉంటుందనీ, చికిత్సతో పెరుగుతుందనీ పరిశోధనలు తెలిపాయి. అయితే జబ్బుకు ఇదొక్కటే కారణం కాదు.

ఎరువు చల్లిన మర్నాడే చేను పచ్చబడదు కదా! మెదడు కోలుకోవడానికి కూడా కొన్ని వారాలు పడుతుంది.

మీరు చేయవలసినవి:

1. డాక్టరును అడగకుండా మాత్రలు మానిపించవద్దు. తగ్గిన తరువాత కూడా చెప్పినన్ని నెలలు వాడించండి.

2. రోజూ కాసేపు వెంట ఉండి నడిపించండి. ద్వారకా తిరుమల కొండదారి అయినా, కొల్లేరు వైపు చెరువుగట్టు అయినా సరే.

3. "బద్ధకం" అని దెప్పవద్దు.

4. చావు మాటలు మాట్లాడితే ఒంటరిగా వదలవద్దు. పురుగుమందులు అందకుండా తాళం వేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.