నోటీసు బోర్డు ముందు బాగుచేయించు

తణుకు

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాక రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. మేధో వైకల్యం ఉన్న కుర్రాడు ఓపెన్ స్కూల్లో ఇంటర్ గట్టెక్కి, తల్లిని వెంటబెట్టుకుని మీ కాలేజీలో బి.ఏ. సీటుకి వచ్చాడన్నావు. "ఇక్కడ చేరి ఏం చేస్తాడు, ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చదువుకోమందాం" అని స్టాఫ్‌రూంలో అనుకుంటున్నారన్నావు. బాగానే ఉంది. ఆ కింద "నాకూ అదే మంచిదనిపిస్తోంది" అని రాశావు చూడు, ఆ ముక్క గుచ్చుకుంది. ఆ కుర్రాడిలాంటిదే మన చిన్నత్త, ఆమె ఒళ్లో పెరిగినదానివి!

సర్లే, కోప్పడను. కొత్త ఉద్యోగం, చుట్టూ సీనియర్లు. దగ్గు తగ్గిందా? హాస్టల్ చారు మానేసి మిరియాలు వేసి కాచుకో.

ముందు చట్టం సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 32వ సెక్షన్ తీసి చదువు. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి. వయసులో 5 ఏళ్ల సడలింపు కూడా ఉంది. 1995 నాటి చట్టంలో ఇది 3 శాతమే. మేధో వైకల్యం 2016 చట్టం చెప్పే 21 వైకల్యాల్లో ఒకటి. కాబట్టి మీవాళ్లు జాలిపడి ఇచ్చేదీ లేదు, విసుక్కుని ఆపేదీ లేదు.

పరీక్షలంటావా, కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, అవసరమని ధ్రువపత్రం ఉంటే రాసిపెట్టే మనిషినీ ఇస్తారు. అయితే ఆ మనిషి చెయ్యి అరువిస్తాడు గానీ పాఠం అర్థం చేయించడు. అన్ని పేపర్లూ పాసవుతాడా అంటే, కాకపోవచ్చు. సప్లిమెంటరీలు రాస్తూ ఏళ్లు గడిపే మిగతా కుర్రాళ్లని మీ గేటు దగ్గర ఎవరైనా ఆపుతున్నారా? వర్జీనియాలో మీ అన్నయ్య ఇంటి దగ్గరే జార్జ్ మేసన్ యూనివర్సిటీ ఉందిగా, అక్కడ ఇలాంటి పిల్లలకే నాలుగేళ్ల కోర్సు నడుపుతున్నారు. క్యాంపస్‌లో చదువు, పనిలో తర్ఫీదు, చివర సర్టిఫికెట్. ఇలాంటి కోర్సుల్లో చేరినవాళ్లకి ఫెడరల్ ఆర్థిక సాయం అందేలా అమెరికావాళ్లు 2008లో చట్టం చేసుకున్నారు. మన డిగ్రీ కాలేజీల్లో అలాంటి దారి నా కంటబడలేదు. ఉన్న తలుపు బి.ఏ. ఒక్కటే, అదీ మూసేస్తే ఎలా?

ఇక అసలు విషయం. మీ నోటీసు బోర్డు ఎలా ఉంది?

నవ్వకు. నేను చదువుకునే రోజుల్లో మా హాస్టల్ నోటీసు బోర్డు మీద మెస్ బకాయిల గురించి ఇంగ్లీషులో పేరా అంత పొడుగు వాక్యం ఒకటి అంటించారు. జిల్లా ఫస్టులు, సెకండ్లు అందరం దాని ముందు నిలబడి తలలూపాం. చివరికి వంటాయన వచ్చి, "శుక్రవారం లోపు డబ్బు కట్టకపోతే శనివారం అన్నం పెట్టరంట బాబూ" అన్నాడు. ఇంగ్లీషు పోయి తెలుగొచ్చాక ఏం బాగుపడింది? "ఇందుమూలముగా యావన్మంది విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలెడితే, ఫీజు గడువు ఎప్పుడో నాకే దొరకదు.

ఒక కాగితం మీద ఒక్క సంగతే రాయించు. ఏ రోజు, ఏ గది, ఏం తెచ్చుకోవాలి, అంతే. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. క్లాసులో పైకి చదివి చెప్పాలి. టైంటేబుల్లో గది నంబరు పక్కన ఆ గది ఫొటో అంటించాలి. హాల్‌టికెట్టు, బస్‌పాసు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, అన్నిటికీ ఇదే పద్ధతి. ఇది నా చాదస్తం కాదు. సమాచారం అందించే పద్ధతుల్లో మన 2016 చట్టం సరళమైన భాషనీ లెక్కించింది. పాఠాలు ఎలా చెప్పాలో తోచకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థ 1984 నుంచీ ఈ పనిమీదే ఉంది, వాళ్లకి రాసి అడుగు. నోటీసు బోర్డు మాత్రం ఎవర్నీ అడక్కుండా రేపే మార్చొచ్చు.

ఇంకో మాట తల్లీ. నీ ఉత్తరంలో ప్రిన్సిపాల్ అన్నదుంది, వాళ్లమ్మ అన్నదుంది, నువ్వనుకున్నదీ ఉంది. ఆ అబ్బాయి అన్నది ఒక్క ముక్కా లేదు. ఎందుకు చదవాలనుకుంటున్నాడో అతన్నే అడిగావా? అడిగాక తొందరపెట్టకు, జవాబు వచ్చేదాకా ఆగు. నీకు ఆ ఓపిక ఉందని నాకు తెలుసు. చిన్నత్తకి అన్నం తినిపించేటప్పుడు చూశాను.

సోమవారం ప్రిన్సిపాల్ గారి దగ్గరికి నువ్వూ వెళ్లు. సీటు ఇవ్వం అంటే ఆ మాట కారణంతో సహా కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడుగు. మీది ప్రభుత్వ కాలేజీ గనక అదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరుండాలి. ఆయనెవరో, ఏ గదిలో కూర్చుంటారో కనుక్కుని, పెద్ద అక్షరాలతో ఆ అబ్బాయి చేతికే రాసివ్వు.

నీ
పెద్దనాన్న