నీరు – నురుగు – నేర్పు

ఉద్దేశం: నిత్యజీవితంలో అల్పంగా కనిపించే పని వెనుక కూడా శాస్త్రం, చరిత్ర, శ్రమగౌరవం ఉంటాయని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

క్షౌరం మానవుని ప్రాచీన సంస్కారాలలో ఒకటి. బాలుని పుట్టువెంట్రుకలు తీసే చౌలకర్మలో వినియోగించే అథర్వవేద సూక్తంలో క్షురంతోపాటు వేడినీటి ప్రస్తావన కూడా ఉన్నది. వెంట్రుకను ముందుగా తడిపి, మెత్తబరచి, ఆ తరువాతనే కత్తిని తాకించాలన్న అనుభవజ్ఞానం ఎంత పాతదో దీనివల్ల గ్రహించవచ్చు.

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల పల్లెలలోనూ, తెలుగునాట అంతటా, ఈ విద్యను తరతరాలుగా కాపాడినవారు నాయీబ్రాహ్మణులు. మడతకత్తి, సానరాయి, తోలుపట్టీ, పటిక, నీటిగిన్నె వారి పొదిలోని సంపద. మంగళవాద్యం, నాటువైద్యం కూడా వారి కులవిద్యలే. కంఠం మీద కత్తి ఆనించినా నిశ్చింతగా కన్నులు మూసుకొనేంత నమ్మకం ఊరివారు వారిపై ఉంచారు. ఆ నమ్మకానికి తగిన గౌరవాన్ని మాత్రం సమాజం వారికి ఇవ్వలేదు.

ఎవరి గడ్డం వారే నిర్భయంగా గీసుకొనే సాధనం కోసం పాశ్చాత్యులు చాలాకాలం అన్వేషించారు. 18వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు కత్తుల తయారీదారు పెరె, కత్తి అంచు చర్మంలో లోతుగా దిగకుండా చెక్క కాపు అమర్చాడు. అమెరికాకు చెందిన కింగ్ క్యాంప్ జిలెట్ సాన పట్టనవసరం లేని పలుచని బ్లేడును ఊహించాడు. ఇంజనీరు నికర్సన్ ఆ ఊహకు రూపమిచ్చాడు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు మాత్రమే. 1904లో జిలెట్‌కు పేటెంటు లభించింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకు అందిన తరువాత సేఫ్టీ రేజరు ఇంటింటి వస్తువైంది.

ఈ సాధనం సులభమైనదే గాని, దానికీ ఒక క్రమమున్నది. మొదట గోరువెచ్చని నీటితో గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు తడపాలి. నీటిని పీల్చుకొన్న వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది. తక్కువ బలంతో తెగుతుంది. తరువాత తడి బ్రష్షుతో సబ్బును గుండ్రంగా రుద్ది, చిక్కని నురుగు పట్టించాలి. ఆ నురుగు తేమను నిలుపుతుంది. కత్తికీ చర్మానికీ నడుమ జారుడు పొరగా పనిచేస్తుంది. రేజరును చర్మానికి దాదాపు 30 డిగ్రీల కోణంలో ఉంచి, వెంట్రుకలు పెరిగిన దిశలోనే చిన్న చిన్న గీతలుగా నడపాలి. రేజరు బరువే చాలును. చేతి బలం అక్కరలేదు. ఒత్తిడి పెరిగినకొద్దీ గాట్లు పెరుగుతాయి. ఇంకా నునుపు కావలెనంటే మళ్ళీ నురుగు పట్టించి అడ్డంగా గీయాలి. పొడి చర్మంపై రేజరును నడపరాదు. చివర చల్లని నీటితో కడిగి, తడి పటికను రాస్తే చిన్న గాట్ల నుండి కారే రక్తం ఆగుతుంది.

ఈ క్రమానికి పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో ఒక ఆటంకం ఉన్నది. ఇక్కడి అనేక గ్రామాల బోరునీరు కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టుగా మారుతాయి, నురుగు నిలువదు. వాననీరు మృదుజలం కనుక దానితో నురుగు చక్కగా వస్తుంది. నీటిని మరిగించి తేర్చితే తాత్కాలిక కాఠిన్యం తగ్గుతుంది. అయితే ఈ ప్రాంతాన్ని పీడిస్తున్న ఫ్లోరైడు సమస్య వేరు. అది ప్రధానంగా తాగునీటి ద్వారా ఎముకలకు, దంతాలకు చేటు చేస్తుంది, మరిగించినా పోదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. శ్రీశైలం జలాలను నల్లమల సొరంగాల గుండా ఇక్కడికి తెచ్చేందుకు తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుపై ప్రజలు ఇంతటి ఆశ పెట్టుకొనడానికి కారణం పంటచేలు మాత్రమే కాదు; కడవలోని నీరు కూడా.

క్షౌరంలో మరువరాని మరొక నియమం శుచి. ఒకరు వాడిన బ్లేడును మరొకరు ఎన్నడూ వాడరాదు. కంటికి కనిపించని రక్తపు జాడ ద్వారా కూడా హెపటైటిస్-బి వంటి వ్యాధులు సంక్రమించవచ్చు. ఆ వైరస్ శరీరం వెలుపల కనీసం 7 రోజులు జీవించి ఉండగలదు. కాబట్టి క్షౌరశాలలో కొత్త బ్లేడును కోరడం అవమానించడం కాదు. అది వినియోగదారునికీ, కత్తి పట్టిన వృత్తికారునికీ రక్ష. వాడిన బ్లేడును చెత్తలో విడిగా వేయరాదు. దానిని డబ్బాలో భద్రపరచకపోతే తెగేది పారిశుద్ధ్య కార్మికుని చేయి.

సేఫ్టీ రేజరు ఎవరి క్షౌరాన్ని వారి చేతికే అప్పగించింది. తన ముఖాన్ని తానే గీసుకొన్నవానికి, వేరొకరి ముఖాన్ని గాటు పడకుండా గీయడం ఎంతటి విద్యయో తెలుస్తుంది. ఆ తెలివిడి నుండి పుట్టవలసినది వృత్తి పట్ల చులకన కాదు, గౌరవం.

ప్రశ్నలు
1. క్షౌరానికి ముందు గడ్డాన్ని ఎందుకు తడపాలి?
2. నీటి కాఠిన్యానికీ, ఫ్లోరైడు సమస్యకూ గల భేదాన్ని వివరించండి.
3. నాయీబ్రాహ్మణుల వృత్తినైపుణ్యం, వారికి దక్కిన గౌరవం గురించి మీ అభిప్రాయం రాయండి.